విజయనగరంలో పండగ బట్టలు ఒక్క రోజులో కొనాలంటే

పెద్ద పండక్కి, అంటే సంక్రాంతికి, ఇంటిల్లిపాదికీ బట్టలు కొనాలి, దొరికేది ఒక్క రోజు, పెద్ద పెద్ద షోరూములు కాకుండా ఊళ్లో ఉన్న చిన్న కొట్లలోనే మంచి సరుకు చూసి తెచ్చుకోవాలి అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. బట్టలకి విశాఖపట్నం వెళ్లొచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు, వెళ్లనివ్వండి. కానీ పండగ రెండు రోజులుందనగా జాకెట్టు చంక దగ్గర పట్టేస్తే దాన్ని పట్టుకుని మళ్లీ విశాఖ ఎవరు వెళ్తారు? మన గంటస్తంభం పక్క సందులో కుట్టించుకుంటే పావుగంటలో విప్పి సరిచేసి ఇస్తారు. అసలు చిన్న కొట్ల బలమే అది, మీరు ఎవరో వాళ్లకి గుర్తుంటుంది.

మొత్తం పద్ధతి ఇంతే: కుట్టించాల్సినవి ముందు, రెడీమేడ్‌వి తర్వాత, పొడులూ రంగులూ చివర. ఈ వరుస తిరగబడితే రోజంతా తిరిగినా సగం పనులు మిగిలిపోతాయి.

ఏ రోజు వెళ్లాలి

నెలగంట పెట్టిన, అంటే ధనుర్మాసం మొదలైన, పది పదిహేను రోజుల్లో వెళ్లిపోండి, అంటే డిసెంబరు నెలాఖరు లోపల. జనవరి మొదటి వారం దాటిందంటే ఏ టైలర్ దగ్గరికి వెళ్లినా "పండక్కి ఇవ్వలేనమ్మా, కణుము తర్వాత తీసుకోండి" అనే మాటే వినిపిస్తుంది, వాళ్ల తప్పేం లేదు, అప్పటికే గోడ పొడవునా సంచులు వేలాడుతుంటాయి. మంగళవారం మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారి గుడికి వచ్చే జనంతో రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, మొక్కు ఉంటే సరే గానీ షాపింగ్ ఒక్కదానికైతే ఆ రోజు వద్దు. ఆదివారం చుట్టుపక్కల పల్లెలన్నీ ఇక్కడే ఉంటాయి. బుధ, గురువారాలు హాయిగా ఉంటాయి, కొట్టువాడు నాలుగు తానులు ఓపిగ్గా విప్పి చూపించేది అలాంటి రోజుల్లోనే.

ముందు రోజు రాత్రి ఇంట్లో చేయాల్సినవి

కాగితం తీసుకుని ఎవరెవరికి కొనాలో రాయండి. మన వైపు సంక్రాంతి నాడు చనిపోయిన పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం కాబట్టి జాబితా వాళ్లతోనే మొదలుపెట్టండి, ఎంత మందికి పంచెలు, ఎంత మందికి చీరలు అన్నది ఇంట్లో పెద్దవాళ్లని అడిగి రాసుకోండి, ఎందుకంటే చివర్లో డబ్బులు తక్కువైతే ముందు కోత పడేది వాళ్లకే, అది నాకు అస్సలు నచ్చదు. తర్వాత ఆడపిల్లలు, అల్లుళ్లు, పిల్లలు, ఇంట్లో పని చేసే మనిషి. మీ పేరు చివర్లో రాసుకోండి గానీ రాయడం మాత్రం మానొద్దు.

ఒక్కొక్కరి పేరు పక్కన ఎంతలో కొనాలన్నది కూడా రాసేయండి. కొట్లో కూర్చుని చీరల మధ్య ఆలోచిస్తే లెక్క నిలవదు.

సంచిలో పెట్టుకోవాల్సినవి ఇవి. జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఒక్కరి ఆది జాకెట్టు, అదీ ఈ మధ్య కుట్టించుకున్నది, నాలుగేళ్ల కిందటిది కాదు. పిల్లల పాత గౌను లేదా చొక్కా ఒకటి, ఎందుకంటే లేబుల్ మీద "6-7 ఏళ్లు" అని ఉన్నంత మాత్రాన అది మీ ఆరేళ్ల పిల్లకి సరిపోదు. మగవాళ్ల చొక్కా కాలర్ లోపలి నంబరు, 38 నో 40 నో 42 నో, చీటీ మీద రాసుకోండి. ఇక చెప్పుల సంగతి. పిల్లలు వెంట రాకపోతే వాళ్లని న్యూస్‌పేపర్ మీద నిలబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని పాదం చుట్టూ గీత గీయండి, రెండు కాళ్లకీ గీయండి, ఒకటి కొంచెం పెద్దదిగా ఉండడం మామూలే. గీత వెంబడి కత్తిరించి ఆ ముక్కలు సంచిలో పడేయండి. కొట్లో దాన్ని చెప్పు మీద పరిస్తే ముందు వేళ్ల దగ్గర అర అంగుళం ఖాళీ ఉండాలి.

ఆడవాళ్లు బస్సులో వస్తుంటే ఆధార్ కార్డు మర్చిపోవద్దు. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బులు లేవు, గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్ తీసుకోవాలి.

పదింటికల్లా బజారులో ఉండండి

బొబ్బిలి, గజపతినగరం, చీపురుపల్లి, ఎస్.కోట, నెల్లిమర్ల ఏ వైపు నుంచి వచ్చినా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి షేర్ ఆటో ఎక్కి మూడు లాంతర్ల దగ్గర దిగండి. అక్కడి నుంచి ఒక పక్క 1713లో పునాది వేసిన కోట, ఇంకో పక్క గంటస్తంభం, ఈ మధ్యలో ఉన్నదంతా నడిచి తిరిగే దూరమే. సొంత బండి ఉంటే ఎంజీ రోడ్డులోకి తేవొద్దు, దూరంగా ఎక్కడైనా పెట్టి నడిచి రండి, ఆ ఇరుకులో పార్కింగ్ టెన్షన్‌తో చీర రంగు మీద మనసు నిలవదు.

పొద్దున్నే వెళ్లడంలో ఇంకో లాభం ఉంది. షట్టర్ తీసి, చీపురు పెట్టి, దేవుడి పటానికి అగరబత్తి వెలిగించిన కొట్టువాడు మొదటి బేరం పోగొట్టుకోడు. మీరు బోణీ అయితే ధర కాస్త దిగుతుంది. కానీ దానికి ఒక మర్యాద ఉంది, బోణీ వేళ బేరమాడి, మీరడిగిన ధరకి వాళ్లు ఒప్పుకున్నాక "మళ్లీ వస్తాం" అని లేచి రావొద్దు. కొనే ఉద్దేశం ఉంటేనే ఆ వేళ ధర అడగండి.

మొదట బొటిక్, మ్యాచింగ్ సెంటర్

ఎక్కువ సేపు పట్టేది ఇక్కడే, పట్టనివ్వండి.

జాకెట్టు మీద మగ్గం వర్క్ కావాలనుకుంటే ముందు బొటిక్‌కి వెళ్లండి. మన ఊళ్లో చాలా బొటిక్‌లు మేడ మీద గదిలోనో ఇంటి ముందు వసారాలోనో ఆడవాళ్లే నడుపుకుంటున్నవి, బోర్డు చిన్నదిగా ఉంటుంది, పని మాత్రం బాగుంటుంది. మగ్గం వర్క్‌లో బట్టని చెక్క చట్రానికి బిగించి లాగి, పైనుంచి ఆరీ సూదితో పూస పూసా కుడతారు. ముందు వర్క్, తర్వాతే కత్తిరింపు, కుట్టు. కాబట్టి గుడ్డ ఇచ్చేటప్పుడే ఆది కూడా ఇచ్చి మెడ ఎంత లోతు, చేతులు ఎంత పొడవు అన్నది గుర్తులు వేయించాలి. "వర్క్ చేసి ఉంచండి, ఆది తర్వాత పంపిస్తాను" అన్నారంటే పూలు ఒక చోట, మెడ ఇంకో చోట వస్తాయి.

ఇదివరకు చేసిన జాకెట్టు చూపించమని అడగండి. అందులో బయటి పక్క కాదు, తిరగేసి లోపలి పక్క చూడండి. దారాలు పొడుగ్గా వేలాడుతూ, ముడులు వదులుగా ఉంటే రెండు ఉతుకుల్లో పూసలు రాలిపోతాయి. లోపల శుభ్రంగా ఉన్నదే మంచి పని. ధర ఒప్పుకునే ముందు లైనింగ్, కుట్టు కూలీ అందులో కలిసి ఉన్నాయా విడిగానా అన్నది తేల్చుకోండి, గొడవలన్నీ వచ్చేది అక్కడే.

మామూలు జాకెట్లకైతే మ్యాచింగ్ సెంటర్. చీర చేతిలో లేకుండా "లేత పచ్చ" అని నోటితో చెబితే లాభం లేదు, లేత పచ్చలు ఆ గోడకే ఇరవై ఉంటాయి. చీర చెంగు బల్ల మీద వేసి, ముక్క దాని మీద పెట్టించుకుని, రెండూ పట్టుకుని గుమ్మం బయటికి రండి. ట్యూబ్‌లైట్ కింద అచ్చం ఒకేలా కనిపించిన మెరూన్, ఎండలోకి రాగానే ఒకటి వంకాయ వైపూ ఇంకోటి ఇటుక వైపూ తిరుగుతుంది. మంచి కొట్టువాళ్లు మీరు అడక్కముందే "బైటికెల్లి సూడమ్మా" అని వాళ్లే ఇస్తారు.

జాకెట్టు ముక్క 80 సెంటీమీటర్లు సాధారణంగా సరిపోతుంది, ఒళ్లున్నవాళ్లకీ పొడుగు చేతులకీ మీటరు తీసుకోండి. లైనింగ్ కాటన్‌ది కొని, దాన్ని తడిపి ఆరేశాకే కుట్టమని టైలర్‌కి గట్టిగా చెప్పండి. లైనింగ్ తడపకుండా కుట్టిన జాకెట్టు మొదటి ఉతుకులోనే లోపల కుంచించుకుపోయి పైబట్ట ముడతలు పడుతుంది.

టైలర్ దగ్గర చీటీ రాయించుకోండి. హుక్కులు ముందా వెనకా, మెడ ఆకారం, చేతుల పొడవు, లోపల ఎన్ని కుట్లు వదలాలి, ఏ తారీఖుకి ఇస్తారు, ఇవన్నీ అందులో ఉండాలి. తారీఖు చెప్పేటప్పుడు పండగ అనొద్దు, భోగికి వారం ముందు రోజు ఏదో ఒకటి చెప్పండి. చీరకి ఫాల్, జిగ్‌జాగ్ కూడా అప్పుడే ఇచ్చేస్తే జాకెట్టు ముక్క వాళ్లే చీర నుంచి కోసి తీసుకుంటారు.

పంచెలు, మీటరు బట్ట

పెద్దలకు పెట్టే పంచెలకి ఖాదీ భండార్‌కి వెళ్లండి. పక్క జిల్లాలో పొందూరు ఉండగా ఇంకెక్కడివో ఎందుకు? అక్కడ దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి శుభ్రం చేసి, చేత్తో వడికి, చేత్తో నేస్తారు. సన్న నూలు పంచె చేత్తో పట్టుకుంటే అవతలి వేళ్లు కనిపిస్తాయి, కట్టుకుంటే ఎండాకాలంలో కూడా ఒంటికి అంటుకోదు. ధర ఎక్కువే. అందరికీ కొనలేకపోతే ఒక్కటి కొనండి, అది పెద్దలకు పెట్టాక ఇంట్లో తాతయ్యో నాన్నో కట్టుకుంటారు. ఖాదీ అంటే నూలు కూడా చేత్తో వడికినదే అయి ఉండాలి, మిల్లు నూలుతో చేతి మగ్గం మీద నేస్తే అది చేనేత. రెండూ మంచివే, కానీ ఖాదీ ధర పెట్టి మిల్లు నూలు తెచ్చుకోకూడదు కదా, లేబుల్ మీద ఖాదీ మార్క్ చూడండి.

మగవాళ్లకి బట్ట కొని కుట్టించేటప్పుడు ముందు పన్నా, అంటే బట్ట వెడల్పు, అడగండి. 58 అంగుళాల పెద్ద పన్నా అయితే ఫుల్ చేతుల చొక్కాకి మీటరు అరవై, ప్యాంటుకి మీటరు ఇరవై లేదా ముప్ఫై సరిపోతుంది. 36 అంగుళాల చిన్న పన్నా అయితే చొక్కాకే రెండుంబావు నుంచి రెండున్నర మీటర్లు కావాలి. పొడుగు మనిషికి ఇంకాస్త. గళ్ల బట్ట అయితే గళ్లు కలపడానికి ఇంకో పది సెంటీమీటర్లు ఎక్కువ తీసుకోండి.

కొలిచేటప్పుడు ఫోన్ చూడొద్దు, బద్ద చూడండి. మీటరు బద్ద మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. సాగే గుడ్డని బిగబట్టి లాగుతూ కొలిస్తే మీటరుకి రెండు మూడు సెంటీమీటర్లు మీకు తగ్గిపోతాయి, "వదులుగా వేసి కొలవండి బాబూ" అని మామూలుగా చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు. కత్తెర పెట్టే ముందు తాను చివర వరకు విప్పించి మచ్చలు, పోగు తెగినవి ఉన్నాయేమో చూసుకోండి. ఒకసారి కోశాక వెనక్కి తీసుకోరు, అది న్యాయమే.

రంగు దిగుతుందేమో అని అనుమానం ఉంటే తెల్ల రుమాలు కొద్దిగా తడిపి గుడ్డ మూల మీద గట్టిగా రుద్దండి. రుమాలుకి రంగు అంటితే అది మిగతా బట్టలతో కలిపి ఉతికేది కాదని అర్థం.

పట్టు చీర ఉంటే

సిల్క్ మార్క్ లేబుల్ చూసి కొనండి. లేబుల్ లేని చోట, చీర చివర వేలాడే పోగు ఒకటి కొట్టువాడి అనుమతితో తీసుకుని అగ్గిపుల్లతో కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ల మధ్య పొడిగా నలిగితే పట్టు. కరిగి గట్టి ఉండగా మారితే పాలిస్టర్. పాలిస్టర్ కొనకూడదని కాదు, రోజువారీకి అదే మేలు, కానీ పట్టు ధరకి మాత్రం కొనొద్దు.

మధ్యాహ్నం

ఒంటిగంటన్నరకి ఆపేసి భోజనం చేయండి. ఆకలితో ఉన్న మనిషి ఏదో ఒకటి తీసేసుకుని బయటపడదామని చూస్తాడు, ఎక్కువ డబ్బులు పోయేది అప్పుడే. భోజనం అయ్యాక ఇప్పటిదాకా అయిన ఖర్చు ఆ కాగితం మీదే రాసి, మిగిలింది ఎంతో చూసుకోండి. బరువైన సంచులు తెలిసిన కొట్టులో పెట్టి వెళ్లొచ్చు, మీ పేరు రాసి ఉంచమనండి చాలు.

రెడీమేడ్‌లు, చెప్పులు

కొత్త అల్లుడికి మొదటి సంక్రాంతి అయితే అమ్మాయికి ఫోన్ చేసి ఏం ఇష్టమో ముందే కనుక్కోండి. అత్తవారు పెట్టిన బట్టలు కదా అని మొహమాటానికి ఒక్కసారి తొడుక్కుని బీరువాలో పెట్టేసేవాళ్లే ఎక్కువ. ఇష్టమైన రంగు, సరైన సైజు తెలిస్తే తక్కువ ధరలోది కూడా సంతోషంగా తొడుక్కుంటారు.

పిల్లలకి ఒక సైజు పెద్దది తీసుకోండి, రెండు సైజులు కాదు. పాపకి పట్టు పరికిణీ కొంటే కింద లోపలికి మడత వేయించండి, వచ్చే ఏడు విప్పి పొడుగు చేసుకోవచ్చు. చొక్కాల కుట్లు చంక దగ్గర, జేబు మూలల దగ్గర లాగి చూడండి. గుండీలు అన్నీ పెట్టి తీసి చూడండి.

లేబుల్ మీద ఉన్న ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. దాని మీద మళ్లీ జీఎస్టీ అంటే కట్టక్కర్లేదు. బిల్లు తీసుకోండి, మార్చుకోవడానికి ఎన్ని రోజుల గడువో బిల్లు మీదే రాయించండి. నిజంగా మోసం జరిగితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్.

పెద్దవాళ్ల చెప్పులు మాత్రం సాయంత్రమే కొనాలి, రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయిందే ఎప్పుడూ సరిపోతుంది.

గాజులు, ఫ్యాన్సీ

గాజుల సైజు "రెండు నాలుగు" అంటే రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే లోపలి వెడల్పు రెండుంబావు అంగుళాలు. రెండు ఆరు, రెండు ఎనిమిది అలాగే పెరుగుతాయి. ఎవరికి ఏ సైజో తెలియకపోతే వాళ్ల గాజు ఒకటి వెంట తెచ్చుకోండి. మట్టి గాజులు డజను కట్ట విప్పి, ఒక్కొక్కదాని అతుకు మీద వేలు నడపండి, గరుకుగా తగిలితే పక్కన పెట్టేయండి, చెయ్యి గీసుకుంటుంది. చీర రంగు గాజుల కోసం కూడా చెంగు తీసి చూపించాల్సిందే.

బంగారం కొనే పని ఉంటే దానికి ఇంకో రోజు పెట్టుకోండి. తప్పదంటే హాల్‌మార్క్‌తో పాటు ఆరు అక్షరాలు, అంకెలు కలిసిన హెచ్‌యూఐడీ నంబరు నగ మీద ఉందో లేదో చూసి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి.

చివర ముగ్గులు, రంగులు

ఇవి ఎందుకు చివర అంటే, సంచిలో ఒక్క రంగు పొట్లం చిరిగితే రోజంతా కష్టపడి కొన్న తెల్ల పంచె పోతుంది. రంగులకి వేరే సంచి, వీలైతే పాత గుడ్డ సంచి. రోడ్డు పక్క గోనె పట్టా పరుచుకుని గులాబీ, పసుపు, నీలం గుట్టలుగా పోసి కూర్చునే అమ్మలు "ఏటి కావాలమ్మా" అని పిలుస్తుంటారు, వాళ్ల దగ్గర పదికీ ఐదుకీ బేరమాడకండి. పొద్దున్న పెద్ద కొట్టులో వందలు తగ్గించమని అడిగే హక్కు మనకుంది, ఎండలో పొద్దుటి నుంచీ కూర్చున్న మనిషి దగ్గర అది న్యాయం కాదు. వాళ్లకి చిల్లర ఇవ్వండి, ఆ వేళకి జనం రద్దీలో ఫోన్ డబ్బులు ఒక్కోసారి తిరుగుతూనే ఉంటాయి.

భోగి పళ్ల కోసం రేగుపళ్లు అప్పుడే కొనొద్దు, పండక్కి ముందు రోజే తాజాగా తెచ్చుకోవాలి. పిడకల దండలు కూడా అంతే.

పని అయ్యాక ముంత మసాలా ఒకటి తినండి, కాళ్లకి కాసేపు విశ్రాంతి. బస్సు ఎక్కే ముందు సంచులు లెక్కపెట్టుకోండి, దిగేటప్పుడు మళ్లీ లెక్కపెట్టుకోండి.

ఇంటికి వెళ్లాక

బిల్లులూ టైలర్ చీటీలూ ఒక కవర్లో వేసి దేవుడి గదిలోనో ఫ్రిజ్ మీదనో పెట్టండి, అన్నిటికీ ఫోటో తీసి ఉంచుకోండి. రెడీమేడ్‌లు ఆ రాత్రే అందరికీ తొడిగి చూడండి, లేబుల్ తీయకుండా. సరిపోనివి మర్నాడే బయటపెట్టండి, గడువు గడిచిపోతే అడగలేం. ఇంట్లో కుట్టుకునే కాటన్ బట్టలుంటే నీళ్లలో ఉప్పు వేసి ఓ రాత్రి నానబెట్టి నీడలో ఆరేయండి.

టైలర్ చెప్పిన తారీఖుకి రెండు రోజుల ముందు ఒక ఫోన్ చేయండి. "ఎంతవరకు వచ్చింది అక్కా?" అని అడిగితే చాలు, కింద ఉన్న సంచి పైకి వస్తుంది. తీసుకునే రోజు జాకెట్టు అక్కడే తొడుక్కుని, చేతులు పైకెత్తి, ముందుకు వంగి చూసుకోండి. బిగుతుగా ఉంటే అప్పుడే కుట్టు విప్పించుకుని, కాసేపు ఆగి, సరిచేసినదే తెచ్చుకోండి.